బూట్ మెనూ ముస్తాబు: గ్రబ్ థీమ్, గ్రబ్ కస్టమైజర్, రీఫైండ్ రివ్యూ

విండోస్ పక్కన లినక్స్ వేసుకున్న లాప్‌టాప్ ఆన్ చేయగానే ముందు పలకరించేది గ్రబ్ మెనూ, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) తెరవాలో అడిగే తెర. నల్లటి తెర, తెల్ల గీతల డబ్బా, అందులో పైన ‘ఉబుంటు’, దాని కింద ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ఇంకా కింద ‘విండోస్ బూట్ మేనేజర్’ అంటూ ఓ పొడుగాటి లైను. పని చేస్తుంది, అందులో లోటేం లేదు. చూడ్డానికి మాత్రం పాతకాలపు రైల్వే రిజర్వేషన్ కౌంటర్ తెరలా ఉంటుంది.

దీన్ని ముస్తాబు చేయడానికి వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు. గ్రబ్‌లోనే ఉన్న థీమ్ సదుపాయం ఒకటి, గ్రబ్ కస్టమైజర్ అనే యాప్ ఒకటి, గ్రబ్‌ని పక్కకు జరిపి ఆ చోట కూర్చునే రీఫైండ్ ఒకటి. మూడూ ఉచితమే. ఈ రివ్యూ మన దగ్గర ఎక్కువగా తిరిగే సరుకుని ఎదురుగా పెట్టుకుని రాసింది: కానూరు హాస్టల్లోనో గుంటూరు బ్రాడీపేట గదిలోనో ఉండే సెకండ్ హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్, 1366×768 తెర, హార్డ్ డిస్క్ తీసేసి వేయించుకున్న ఎస్ఎస్‌డీ, విండోస్ పక్కన ఉబుంటో మింటో. ఆదేశాలూ ఫైల్ పేర్లూ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా మీరు కొట్టాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ‘గ్రబ్_’తో మొదలయ్యే సెట్టింగుల పేర్లన్నీ పెద్ద అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్.

తీర్పు ముందే చెప్పేయొచ్చు. థీమ్ ఫోల్డర్‌ని చేత్తో పెట్టుకోవడం అన్నిటికంటే మేలు, 5కి 4. రీఫైండ్ అందంలో ముందుంటుంది కానీ అందరికీ నప్పదు, మూడున్నర. గ్రబ్ కస్టమైజర్‌కి 2 ఇవ్వడం కూడా పాత పరిచయం కొద్దీ.

గ్రబ్ థీమ్

గ్రబ్‌లో బొమ్మల మెనూ గీసే భాగం 2008 గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మొదలైంది. ఆ వయసు దానికి ఇప్పటికీ కనిపిస్తుంది: మౌస్ లేదు, కదిలే బొమ్మలు లేవు, పీఎన్‌జీ, జేపీజీ, టీజీఏ తప్ప ఇంకో బొమ్మ రకం ఎరగదు. కానీ ఆ పరిమితుల్లోపల చాలా చేయనిస్తుంది, చేసింది చెడకుండా ఉంటుంది. అప్‌డేట్లు వచ్చి కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మారినా థీమ్ ఫోల్డర్ జోలికి ఎవరూ రారు.

పెట్టే పద్ధతి చిన్నదే. థీమ్ ఫోల్డర్‌ని /బూట్/గ్రబ్/థీమ్స్ లోకి కాపీ చేయాలి. తర్వాత /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్ సుడోతో (అడ్మిన్ హక్కులిచ్చే ఆదేశం) తెరిచి గ్రబ్_థీమ్ అనే లైనులో ఆ ఫోల్డర్లోని థీమ్.టీఎక్స్‌టీ ఫైల్ పూర్తి దారి రాయాలి. గ్రబ్_జీఎఫ్ఎక్స్‌మోడ్‌లో తెర కొలత రాసి, కామా పెట్టి ఆటో అని చేర్చాలి. గ్రబ్_టైమౌట్_స్టైల్ ‘హిడెన్’ అని ఉంటే ‘మెనూ’ చేయాలి, గ్రబ్_టైమౌట్ 0 ఉంటే 10 చేయాలి. చివరగా సుడో అప్‌డేట్-గ్రబ్. ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాడేవాళ్లకి ఆ ఆదేశం ఉండదు, గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ వాడి /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ లోకి రాయించాలి. అంతకంటే ముందు గ్రబ్_టెర్మినల్_అవుట్‌పుట్ లైనులో ‘కన్సోల్’ అని ఉంటుంది, దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టాలి. ఆ లైను ఉన్నంతసేపూ ఏ థీమ్ పెట్టినా అక్షరాల మెనూయే వస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. ఫెడోరాలో థీమ్ రాలేదంటే ముందు చూడాల్సింది ఈ లైనే.

థీమ్‌ని /యూఎస్ఆర్/షేర్ కింద పెట్టే ఇన్‌స్టాల్ స్క్రిప్టులు కొన్ని ఉన్నాయి. మామూలు డిస్క్ మీద అదీ పని చేస్తుంది. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి బూట్ విడిగా ఉంచుకున్న సిస్టమ్‌లో మాత్రం పాస్‌వర్డ్ కొట్టకముందే గ్రబ్ మెనూ వస్తుంది కాబట్టి /యూఎస్ఆర్ దానికి కనిపించదు. అందుకే /బూట్ కింద పెట్టమనడం. రెడీమేడ్ థీమ్‌లలో విమిక్స్, టేలా, స్టైలిష్ మూడూ శుభ్రంగా ఉన్నాయి. వాటి స్క్రిప్టుకి బూట్‌లోనే పెట్టమని చెప్పే ఆప్షన్ ఉంది, వాడుకోండి. కాకపోతే ఇవి 1080పీ నుంచి పై కొలతలకి గీసినవి. 1366×768 మీద అక్షరాలు లావుగా, ఐకాన్లు ఇరుగ్గా కనిపిస్తాయి, లోపలి కొలతలు కొంచెం తగ్గించుకోవాలి.

తెర కొలత విషయంలో ఇంకో చిక్కుంది. లాప్‌టాప్ తెర 1366×768 అయినంత మాత్రాన దాని ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రాం) ఆ కొలత గ్రబ్‌కి ఇస్తుందని లేదు, పాత వాటిలో 1024×768 దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి. మెనూ దగ్గర సి కీ నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడ వీడియోఇన్ఫో అని కొడితే ఆ మిషన్ ఒప్పుకునే కొలతలన్నీ వరసగా వస్తాయి. జాబితాలో లేనిది రాస్తే గ్రబ్ పట్టించుకోదు, ఆటోకి జారిపోతుంది. బొమ్మ అడ్డంగా సాగినట్టు కనిపిస్తే కారణం ఇదే. థీమ్ ఫైల్లో డెస్క్‌టాప్-ఇమేజ్-స్కేల్-మెథడ్ అనే దానికి ‘క్రాప్’ అని ఇస్తే సాగదీయడం మానేసి అంచులు కత్తిరిస్తుంది. దీనికి తిరగేసిన బాధ 4కే తెరల వాళ్లది. గ్రబ్ బొమ్మలన్నీ ప్రాసెసర్ మీదే గీస్తుంది, గ్రాఫిక్స్ కార్డు సాయం ఉండదు. అంత పెద్ద తెర మీద బాణం కీ నొక్కాక ఎంపిక కిందికి దిగడానికి కళ్లకి తెలిసేంత ఆలస్యం అవుతుంది. 1920×1080కి దించితే సర్దుకుంటుంది.

బొమ్మ తయారీ

ఇక్కడి వాళ్లు ఎక్కువగా పెట్టుకోవాలనుకునేది ప్రకాశం బ్యారేజ్ రాత్రి ఫొటో. మంచి ఎంపికే, కానీ మెనూని తెర నడిమధ్య పెట్టే థీమ్‌లకి అది పడదు. దీపాల వరస సరిగ్గా అక్షరాల వెనక్కి వచ్చి ఏ లైను ఎంచుకున్నామో తెలియకుండా పోతుంది. కృష్ణలో నీళ్ల భాగం నల్లగా ఖాళీగా ఉంటుంది కదా, మెనూని అక్కడికి దించాలి. థీమ్.టీఎక్స్‌టీలో బూట్_మెనూ బ్లాకులో లెఫ్ట్ 8%, టాప్ 52%, విడ్త్ 45%, హైట్ 40% ఇస్తే దీపాలు పైన, మెనూ కింద నీళ్ల మీద కూర్చుంటుంది. ఐటమ్_హైట్ 48, ఐటమ్_స్పేసింగ్ 12 అనుకుంటే అయిదు లైన్లకి 288 పిక్సెళ్లు కావాలి. 768లో 40% అంటే 307, సరిపోతుంది. ఆరో లైను వస్తే స్క్రోల్ మొదలవుతుంది, అప్పుడు హైట్ పెంచడం కంటే ఐటమ్_హైట్ 40కి దించడమే నయం.

ఫొటో తెర మీద అసలు రాకపోవడం అన్నిటికంటే మామూలు ఫిర్యాదు. దానికి ఎక్కువగా ఉండే కారణాలు మూడు. ప్రోగ్రెసివ్‌గా (మసకగా మొదలై దశలవారీగా తేటపడేలా) సేవ్ అయిన జేపీజీని గ్రబ్ చదవలేదు. అదే తీరులో ఇంటర్‌లేస్ చేసిన పీఎన్‌జీనీ చదవలేదు. మూడోది వెబ్‌పీ బొమ్మని దించుకుని చివర పేరు పీఎన్‌జీ అని మార్చేయడం. పేరు మారిస్తే లోపలి సరుకు మారదు. టెర్మినల్‌లో ‘ఫైల్’ ఆదేశానికి ఆ బొమ్మ పేరు ఇస్తే అది అసలు ఏ రకమో, ప్రోగ్రెసివో ఇంటర్‌లేస్డో అక్కడే చెబుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో కన్వర్ట్ ఆదేశంతో తెర కొలతకి కుదించి, ఇంటర్‌లేస్ ‘నన్’, డెప్త్ 8 అని ఇచ్చి పీఎన్‌జీగా రాయించుకుంటే మూడు జబ్బులకీ ఒకటే మందు. జింప్‌లో ఎగుమతి చేసేవాళ్లు ఇంటర్‌లేసింగ్ టిక్కు తీసేస్తే చాలు.

ఎంచుకున్న లైను వెనక కనిపించే పట్టీ ఒక బొమ్మ కాదు, తొమ్మిది ముక్కలు. సెలెక్ట్_సి నడిమి ముక్క, ఎన్, ఎస్, ఈ, డబ్ల్యూ నాలుగు అంచులు, ఎన్ఈ, ఎన్‌డబ్ల్యూ, ఎస్ఈ, ఎస్‌డబ్ల్యూ నాలుగు మూలలు. మూలలు అలాగే ఉండి అంచులూ నడిమి ముక్కా సాగుతాయి. ఫోల్డర్లో వీటిలో కొన్ని లేకపోయినా పని నడుస్తుంది, మూలలు మాత్రం చదరంగా మిగులుతాయి. సాదా పట్టీ చాలనుకుంటే సెలెక్ట్_సి ఒక్కటే చేసుకోండి, ఒకే రంగు నింపిన చిన్న చదరం సరిపోతుంది.

ఐకాన్ల దగ్గర ఒక సూత్రం తెలిస్తే మిగతాదంతా సులువు. గ్రబ్ లైను పేరు చూసి ఐకాన్ వెతకదు, ఆ లైనుకున్న క్లాస్ (అది ఏ ఓఎస్‌దో చెప్పే గుర్తు) చూసి వెతుకుతుంది. ఉబుంటు లైనుకి ఉబుంటు, గ్నూ-లినక్స్, గ్నూ, ఓఎస్ అని వరసగా క్లాసులుంటాయి, ఐకాన్స్ ఫోల్డర్లో వాటిలో ముందు ఏ పేరుతో పీఎన్‌జీ దొరికితే అది వేస్తుంది. విండోస్‌కి విండోస్, ఓఎస్. కాబట్టి ఓఎస్.పీఎన్‌జీ ఒకటి తప్పక ఉంచండి, ఏదీ దొరకనప్పుడు అది ఆదుకుంటుంది. చాలామంది మెనూలో కాలేజీ పేరో సొంత పేరో రావాలని గ్రబ్_డిస్ట్రిబ్యూటర్ లైను మారుస్తారు. దాన్ని ముట్టుకోవద్దు. మెయిన్ క్లాస్ ఆ పేరులోని మొదటి మాట నుంచే పుడుతుంది, అది మారగానే ఉబుంటు ఐకాన్ ఎగిరిపోతుంది, పైగా పేరు చివర ‘గ్నూ/లినక్స్’ అని ఓ తోక చేరుతుంది.

బొమ్మలుగా కొండపల్లి బొమ్మలు ఇక్కడ బాగా పనికొస్తాయి, అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. 40 పిక్సెళ్ల ఎత్తులో ఫొటో ఐకాన్ ఏదైనా ముద్దలా అయిపోతుంది. కొండపల్లి అంబారీ ఏనుగుకి చిక్కటి రంగులు, స్పష్టమైన ఆకారం. అంత చిన్న కొలతలోనూ ఏనుగు ఏనుగులాగే ఉంటుంది. దశావతారాల్లాంటి సన్నటి పనివి మాత్రం వద్దు. ఫొటోని అలాగే కుదించకుండా ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలో నాలుగైదు రంగులతో మళ్లీ గీసుకుని, థీమ్‌లో ఐకాన్_విడ్త్, ఐకాన్_హైట్ ఎంత రాశారో సరిగ్గా అంతే కొలతలో ఎగుమతి చేయండి. కొలత తేడా ఉంటే గ్రబ్ సాగదీసి మరీ పట్టిస్తుంది, నిష్పత్తి చూసుకోదు.

తెలుగు అక్షరాలు

మెనూలో తెలుగు రావాలని అడిగేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, దీనికి సూటి సమాధానం నెట్‌లో వెతికినా తేలిగ్గా దొరకదు. గ్రబ్‌కి ఫాంట్ పీఎఫ్2 అనే సొంత రకంలో కావాలి. గ్రబ్-ఎంకేఫాంట్ ఆదేశానికి మండలో రామభద్రో ఏదో ఒక తెలుగు ఫాంట్ ఇచ్చి, సైజు 24 అని చెబితే పీఎఫ్2 ఫైల్ ఇచ్చేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. అంతా అయిపోయిందనిపిస్తుంది. రీస్టార్ట్ చేశాక ‘లినక్స్’లో క కింద స వత్తు ఉండదు, అక్షరాలు విడివిడిగా నిలబడతాయి, గుడులూ కొమ్ములూ చోటు తప్పుతాయి.

కారణం ఇదీ. యూనికోడ్‌లో వత్తులకి విడిగా నంబర్లు లేవు. క, పొల్లు, స వరసగా వస్తే వత్తు బొమ్మ వేయాలన్న నియమం ఫాంట్ లోపలి పట్టికల్లో ఉంటుంది. ఆ పట్టిక చదివి అక్షరాలు కూర్చే యంత్రాంగం డెస్క్‌టాప్‌లో ఉంది, గ్రబ్‌లో తెలుగు కోసం లేదు. గ్రబ్-ఎంకేఫాంట్ నంబరున్న అక్షరాలనే పట్టుకొస్తుంది, నంబరు లేని వత్తు బొమ్మలు ఫాంట్ ఫైల్లోనే ఉండిపోతాయి. కాబట్టి ఏ తెలుగు ఫాంట్ మార్చి చూసినా ఫలితం ఒక్కటే.

దారి ఏమిటంటే, తెలుగుని అక్షరంగా కాక బొమ్మగా పంపడం. శీర్షిక, శుభాకాంక్ష, ‘బాణం కీలతో ఎంచుకుని ఎంటర్ నొక్కండి’ లాంటి సూచన ఇంక్‌స్కేప్‌లో రాసి వెనక బొమ్మలోనే కలిపేయండి, అక్కడ వత్తులన్నీ సరిగ్గా వస్తాయి. ఒక్కో లైనుకీ తెలుగు పేరు కావాలంటే ఐకాన్ చదరంగానే ఉండాలన్న రూలేం లేదు. ఐకాన్_విడ్త్ 200, ఐకాన్_హైట్ 44 పెట్టి, ఎడమ ఏనుగు, పక్కన ‘విండోస్’ అని తెలుగులో రాసి ఒకే పీఎన్‌జీగా ఎగుమతి చేస్తే లైను మొదట్లో తెలుగు పేరు, తర్వాత మామూలు ఇంగ్లిష్ పేరు కనిపిస్తాయి. ఇంగ్లిష్ పేరు తీసేయాలని చూడకండి. ఎప్పుడైనా థీమ్ తెరుచుకోక గ్రబ్ అక్షరాల మెనూకి దిగితే చదువుకోవడానికి మిగిలేది అదొక్కటే.

ఇంగ్లిష్ ఫాంట్ మార్చుకోవడంలో కూడా ఒక మెలిక ఉంది. ఐటమ్_ఫాంట్ దగ్గర రాయాల్సింది ఫైల్ పేరు కాదు, పీఎఫ్2 లోపల ఉన్న పేరు: కుటుంబం, రకం, సైజు మూడూ కలిపి, ‘డెజావూ సాన్స్ రెగ్యులర్ 24’ తీరులో. అక్షరం తేడా వచ్చినా గ్రబ్ చప్పుడు చేయకుండా వేరే ఫాంట్ వేసేస్తుంది. స్ట్రింగ్స్ ఆదేశంతో పీఎఫ్2 తెరిస్తే మొదటి కొన్ని లైన్లలోనే అసలు పేరు కనిపిస్తుంది.

ఇక సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని బూట్ ప్రోగ్రాములని ఆపే రక్షణ. 2022 నవంబరులో గ్రబ్ ఫాంట్ చదివే భాగంలో భద్రతా లోపాలు బయటపడ్డాక, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే బయటి ఫాంట్ ఫైళ్లని గ్రబ్ ఒప్పుకోకుండా బిగించేశారు. అప్పట్నుంచి ఆ మిషన్లలో థీమ్ వస్తుంది, బొమ్మలు వస్తాయి, అక్షరాలు మాత్రం గ్రబ్‌తో పాటు ప్యాక్ చేసిన మొరటు ఫాంట్‌లోనే వస్తాయి. మీరు చేసిన తప్పేమీ లేదు. ఫాంట్ కోసం సెక్యూర్ బూట్ తీసేయడం అవసరమా అంటే కాదనే చెప్పాలి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే ఆ మార్పు తర్వాత రికవరీ కీ అడిగి కూర్చుంటుంది, అది దగ్గర లేకపోతే పెద్ద తలనొప్పి. ఆ మొరటు ఫాంట్‌కి తగ్గట్టు, అంటే 16 పిక్సెళ్ల ఎత్తుకి సరిపోయేలా థీమ్ సర్దుకోండి. అప్పుడు తెలుగు ఐకాన్లే మెనూకి అందం తెస్తాయి.

ప్రతిసారీ రీస్టార్ట్ చేసి చూసుకోనక్కర్లేకుండా గ్రబ్2-థీమ్-ప్రివ్యూ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. క్యూఎమూ అనే వర్చువల్ మిషన్లో మెనూ తెరిచి చూపిస్తుంది, క్యూఎమూ, ఎక్సారిసో, ఎంటూల్స్ ముందే వేసి ఉండాలి. కొలతలు దిద్దుకునేటప్పుడు దీన్ని మించింది లేదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: అందులో సెక్యూర్ బూట్ ఉండదు కాబట్టి ప్రివ్యూలో చక్కగా కనిపించిన ఫాంట్ అసలు మిషన్లో రాకపోవచ్చు.

విండోస్ మాయం, కరెంటు పోతే 30 సెకన్లు

థీమ్ పెట్టాక విండోస్ లైను పోయిందని గగ్గోలు పెట్టేవాళ్లు ఉంటారు. థీమ్‌కి దానికి సంబంధం లేదు. గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లని వెతకడం డీఫాల్ట్‌గా ఆపేశారు. అప్‌డేట్-గ్రబ్ నడపగానే పాత జాబితా పోయి కొత్తది వచ్చింది, అందులో విండోస్ లేదు, అంతే సంగతి. గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్ విలువ ‘ఫాల్స్’ చేసి మళ్లీ నడిపితే తిరిగొస్తుంది. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి /ఈటీసీ/గ్రబ్.డి లోని 40_కస్టమ్ ఫైల్లో విండోస్ లైను మీరే రాసుకోవడం: మెనూఎంట్రీ, పేరు, క్లాస్ విండోస్, లోపల ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) యూయూఐడీతో (దాని గుర్తింపు నంబరు) సెర్చ్ లైను, దాని కింద చైన్‌లోడర్‌కి (ఇంకో బూట్ ప్రోగ్రాంకి పని అప్పగించే ఆదేశం) మైక్రోసాఫ్ట్ ఫోల్డర్లోని బూట్ఎంజీఎఫ్‌డబ్ల్యూ.ఈఎఫ్ఐ దారి. యూయూఐడీ ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూపిస్తుంది. ఇలా రాస్తే ‘ఆన్ /డెవ్/ఎస్‌డీఏ1’ తోక లేని పొట్టి పేరు వస్తుంది, సన్నటి మెనూలో సగానికి తెగిపోదు.

మెనూ ఒక్కోసారి 10కి బదులు 30 సెకన్లు లెక్కపెడుతుంటే అనుమానించాల్సింది కరెంటుని. ఉబుంటు మొదలయ్యేటప్పుడు గ్రబ్ ఒక గుర్తు రాసిపెడుతుంది, సిస్టమ్ పూర్తిగా లేచాక అది చెరిగిపోతుంది. మధ్యలో కరెంటు పోయి మిషన్ ఆగితే గుర్తు అలాగే ఉంటుంది, మరుసటిసారి మెనూ 30 సెకన్లు ఆగుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకీ, బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీద నడిచే లాప్‌టాప్‌లకీ వేసవిలో ఇది మామూలే. గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్ అనే లైను చేర్చి 10 ఇస్తే తగ్గుతుంది. 0 ఇవ్వొద్దు, నిజంగా బూట్ చెడినప్పుడు పాత కెర్నల్ ఎంచుకునే వీలు ఉండాలి.

గ్రబ్ కస్టమైజర్

టెర్మినల్ అంటే జంకేవాళ్లకి ఇది ఇట్టే నచ్చేస్తుంది. లైన్లని పైకీ కిందికీ జరపొచ్చు, పేర్లు మార్చొచ్చు, వెనక బొమ్మ, రంగులు, ఫాంట్ కిటికీలోంచే ఎంచుకోవచ్చు. గవర్నర్‌పేట నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా డ్యూయల్ బూట్ వేసిచ్చే వాళ్లకి ఇదంటే మోజు ఉండటానికి కారణం కూడా అదే: అయిదు నిమిషాల్లో విండోస్‌ని పైకి తెచ్చి, ఓ బొమ్మ పెట్టి ఇచ్చేయొచ్చు.

ఇబ్బంది అది పని చేసే తీరులో ఉంది. లైన్లు జరిపి సేవ్ చేస్తే /ఈటీసీ/గ్రబ్.డి లోని అసలు స్క్రిప్టుల్ని పక్కకు తరలించి, వాటి చోట ప్రాక్సీ అనే తోకతో తన సొంత స్క్రిప్టులు పెడుతుంది, నంబర్లూ మార్చేస్తుంది. ఆ తర్వాత గ్రబ్ ప్యాకేజీకి అప్‌డేట్ వస్తే కొత్త స్క్రిప్టులు వచ్చి వీటి పక్కన కూర్చుంటాయి. లైన్లు రెండేసిసార్లు కనిపించడం, కొత్త కెర్నల్ వచ్చినా మెనూ పాతదాన్నే పట్టుకు వేలాడటం అక్కడి నుంచే. యాప్ తీసేస్తే అంతా సర్దుకుంటుందనుకుంటారు, సర్దుకోదు. అది పెట్టినవన్నీ అలాగే మిగిలిపోతాయి.

విడిపించుకునే దారి ఇది. /ఈటీసీ/గ్రబ్.డి ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చేసి, లోపలున్నవి తీసేయండి. యాప్‌ని పర్జ్ చేయండి (సెట్టింగులతో సహా తీసేయండి). తర్వాత ఆప్ట్‌తో గ్రబ్-కామన్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయాలి. ఊరికే రీఇన్‌స్టాల్ అంటే చాలదు, తొలగించిన సెట్టింగ్ ఫైళ్లని డీపీకేజీ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రాం) తిరిగి పెట్టదు. ‘ఫోర్స్-కాన్ఫ్‌మిస్’ అనే ఆప్షన్ జత చేయాలి. ఆ ఆప్షన్ మర్చిపోయి ఖాళీ ఫోల్డర్‌తో అప్‌డేట్-గ్రబ్ నడిపితే మెనూలో ఒక్క లైనూ మిగలదు. కాబట్టి ఫోల్డర్లో 10_లినక్స్ ఫైల్ వచ్చిందో లేదో చూశాకే ఆ ఆదేశం కొట్టండి. 40_కస్టమ్‌లో మీరు రాసుకున్నది ఉంటే కాపీలోంచి తెచ్చుకోవచ్చు.

బొమ్మ, రంగు, టైమౌట్ వరకే వాడి లైన్ల జోలికి పోకపోతే ఇంత గొడవ ఉండదు. కానీ ఆ మూడింటి కోసం ఒక ఫైల్లో కొన్ని లైన్లు మారిస్తే సరిపోతుంటే యాప్ ఎందుకన్నది ప్రశ్న. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడు /ఈటీసీ/గ్రబ్.డి తెరిచి చూడండి, ప్రాక్సీ పేరు ఎక్కడైనా ఉంటే అమ్మినవాళ్ల చేతే శుభ్రం చేయించుకోండి.

రీఫైండ్

రోడరిక్ స్మిత్ పాత రీఫిట్‌ని తీసుకుని పెంచిన బూట్ మేనేజర్ ఇది. యూఈఎఫ్ఐ (కొత్త రకం ఫర్మ్‌వేర్) మిషన్లకే, లెగసీ బయోస్‌లో (పాత రకం) లినక్స్ వేసుకున్నవాళ్లకి పనికిరాదు. అడ్డంగా పెద్ద పెద్ద ఐకాన్లు, కింద చిన్న టూల్స్ వరస, సెట్టింగ్ మారిస్తే మౌస్ కూడా కదులుతుంది. పెట్టగానే అందంగా ఉండేది మూడింట్లో ఇదొక్కటే. ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఈఎఫ్ఐ పార్టిషన్లో తన ఫోల్డర్ తనే పెట్టుకుంటుంది, గ్రబ్‌ని చెరపదు. నచ్చకపోతే ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ ఆదేశంతో బూట్ వరస మార్చి గ్రబ్‌కి తిరిగి వెళ్లొచ్చు.

సెట్టింగులన్నీ రీఫైండ్.కాన్ఫ్ అనే ఒకే ఫైల్లో. మార్చాక అప్‌డేట్ ఆదేశమేదీ అక్కర్లేదు, రీస్టార్ట్ చేస్తే చాలు. ఓఎస్ ఐకాన్ 128×128, దాని వెనక పట్టీ 144×144. చిన్నవి 48, వాటి పట్టీ 64. వెనక బొమ్మకి బ్యానర్ లైను, తెర నిండా రావాలంటే బ్యానర్_స్కేల్ ‘ఫిల్‌స్క్రీన్’. 128 పిక్సెళ్లు అంటే కొండపల్లి ఏనుగుకి చాలినంత చోటు, కింద తెలుగు పేరు కూడా పడుతుంది. తెలుగు ఇక్కడా బొమ్మలోనే రావాలి, రీఫైండ్ ఫాంటే ఒక పీఎన్‌జీ పట్టీ, అందులో ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఏమీ ఉండవు.

టైమౌట్ దగ్గర జాగ్రత్త, రెండింటి లెక్కా ఎదురెదురు. గ్రబ్‌లో 0 అంటే ఆగకుండా వెళ్లిపో, -1 అంటే ఎంతసేపైనా ఆగు. రీఫైండ్‌లో 0 అంటే ఆగు, -1 అంటే వెళ్లిపో. గ్రబ్ అలవాటుతో సున్నా పెట్టి, రాత్రి రీస్టార్ట్ ఇచ్చి పడుకుంటే తెల్లారేదాకా అది అక్కడే నిలబడి ఉంటుంది.

దొరికినవన్నీ చూపించడం దీని జబ్బు. ఉబుంటు గ్రబ్ ఒక ఐకాన్, అదే ఉబుంటు కెర్నల్ ఇంకో ఐకాన్, ఫాల్‌బ్యాక్ లోడర్ మరొకటి, తెర నిండిపోతుంది. అక్కర్లేని దాని మీద నిలబడి డిలీట్ నొక్కితే దాచేస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే షిమ్‌తో (సంతకం ఉన్న చిన్న బూట్ ప్రోగ్రాం) పెట్టి, రీస్టార్ట్‌లో వచ్చే మెనూలో కీ ఎన్‌రోల్ చేసుకోవాలి. నీలం తెర మీద వచ్చే ఆ మెనూ చూసి కంగారుపడేవాళ్లు గ్రబ్‌తోనే ఉండటం మంచిది. విండోస్ పెద్ద అప్‌డేట్ల తర్వాత బూట్ వరసలో విండోస్ ముందుకి ఎక్కేసే సందర్భాలూ ఉంటాయి, అప్పుడు మెనూ రాకపోతే బయోస్‌లో వరస చూడాలి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత ‘షిమ్ ఎస్‌బ్యాట్’ అంటూ ఎర్రర్ చూపి లినక్స్ లేవని మిషన్లది వేరే సంగతి, ఏ థీమూ ఏ మెనూ దానికి కారణం కాదు.

ల్యాబుల్లో పెట్టేవాళ్లకి

కాలేజీ ల్యాబులో అన్ని మిషన్లకీ ఒకే మెనూ కావాలంటే గ్రబ్ థీమే పెట్టాలి. ఒక మిషన్లో సరిచూసుకున్న ఫోల్డర్‌ని, /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్‌ని ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే ఆదేశం) పంపి అప్‌డేట్-గ్రబ్ నడిపిస్తే సరి. 40_కస్టమ్ మాత్రం అలా పంపకండి, ఒక్కో డిస్క్ యూయూఐడీ ఒక్కో రకం.

ముస్తాబుతో పాటు తాళం కూడా వేయాలి. మెనూ దగ్గర ఇ నొక్కి కెర్నల్ లైను మార్చితే ఎవరైనా రూట్‌గా (పూర్తి హక్కులతో) లోపలికి వెళ్లొచ్చు. గ్రబ్-ఎంకేపాస్‌డబ్ల్యూడీ-పీబీకేడీఎఫ్2 ఇచ్చే పొడుగు హ్యాష్‌ని (పాస్‌వర్డ్‌ని గజిబిజి చేసిన రూపం) సూపర్‌యూజర్స్ లైనుతో కలిపి 40_కస్టమ్‌లో రాస్తే మార్చడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. కానీ అక్కడితో ఆపితే మామూలుగా బూట్ అవడానికీ పాస్‌వర్డ్ అడుగుతుంది, పొద్దున్నే ల్యాబ్ తెరిచిన అటెండర్ ప్రతి మిషన్ దగ్గరా ఇరుక్కుపోతాడు. 10_లినక్స్ స్క్రిప్టులో క్లాస్ లైను చివర ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ ఆప్షన్ చేర్చాలి, 40_కస్టమ్‌లో చేత్తో రాసిన విండోస్ లైనుకి కూడా. గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు 10_లినక్స్ మీరు మార్చారని గమనించి, ఉంచమంటారా కొత్తది పెట్టమంటారా అని అడుగుతుంది. ఉంచమనే చెప్పండి.